అరలో పెట్టిన డిస్కును కంప్యూటర్ ఎందుకు గుర్తించదు?

ప్రశ్న: మా ఆఫీసులో ఒక లైనక్స్ సర్వర్ ఉంది. ముందువైపు నాలుగు డిస్కుల అరలు ఉంటాయి. ఇన్నాళ్లూ మెషీన్ ఆపకుండానే పాత డిస్కు లాగి కొత్తది పెట్టేవాళ్లం, వెంటనే కనిపించేది. కెర్నల్ అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి పెట్టిన డిస్కు కనిపించడం లేదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం కనిపిస్తోంది. డిస్కు మంచిదే, అరా మంచిదే. సాఫ్ట్‌వేర్ మారితే చేత్తో పెట్టిన డిస్కు ఎలా మాయమవుతుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న. సగం జవాబు అందులోనే ఉంది. రీస్టార్ట్ చేస్తే కనిపిస్తోందని రాశారు చూడండి, ఆ మాట దగ్గరే మొదలుపెడదాం.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే లోపల ఉండి, హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగం. మెషీన్ ఆన్ అయినప్పుడు ఈ కెర్నల్ ఒక్కో డిస్కు పోర్టు దగ్గరికీ వెళ్లి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. ఉన్న డిస్కు పలుకుతుంది. ఆ తర్వాత కెర్నల్ తన పనుల్లో పడిపోతుంది. నడుస్తున్న మెషీన్‌లో మీరు కొత్త డిస్కు పెట్టినప్పుడు పరిస్థితి వేరు. అప్పుడు కెర్నల్ ఎవరినీ అడగడం లేదు. డిస్కు వచ్చిందన్న సంగతి కింది నుంచి ఎవరో మోసుకొచ్చి దానికి చెప్పాలి.

అంటే డిస్కు సంగతి కెర్నల్‌కు తెలిసే దారులు రెండు. ఒకటి, తానే అడిగి తెలుసుకోవడం. రెండు, ఎవరో చెబితే తెలుసుకోవడం. మీ మెషీన్‌లో మొదటి దారి బాగానే ఉంది, లేకపోతే రీస్టార్ట్ చేసినా డిస్కు కనిపించేది కాదు. కాబట్టి డిస్కు, కనెక్టర్, డ్రైవర్ (ఒక రకం పరికరంతో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కు నేర్పే ప్రోగ్రామ్) మూడూ పనిచేస్తున్నట్టే. పోయింది రెండో దారి. కబురు ఎక్కడో మధ్యలో ఆగిపోతోంది. ఎక్కడ ఆగిందో తెలియాలంటే, అది బయల్దేరే చోటి నుంచి పైకి నడుచుకుంటూ రావాలి.

అది బయల్దేరేది డిస్కు కనెక్టర్ దగ్గర. సాటా (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే ఒక పద్ధతి) డిస్కు వెనుక భాగాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. కరెంటు వచ్చే వైపు 15 పిన్నులు, డేటా వైపు 7 ఉంటాయి. అన్నీ ఒకే పొడవులో ఉండవు. కొన్ని గ్రౌండ్ పిన్నులు కాస్త ముందుకు ఉంటాయి, కాబట్టి అరలోకి తోసినప్పుడు అవే మొదట తగులుతాయి. ఆ తర్వాత డిస్కులోని కెపాసిటర్లను మెల్లగా నింపే పిన్నులు తగులుతాయి. మిగిలినవి చివర్న తగులుతాయి. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. ఈ వరుస లేకపోతే డిస్కు ఒక్కసారిగా కరెంటు గుంజుకుని, పక్క డిస్కులకు అందే వోల్టేజీని కూడా కిందికి లాగేస్తుంది. నడుస్తున్న మెషీన్‌లో డిస్కు మార్చవచ్చన్న హామీ సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఈ రాగి ముక్కల పొడవులోనే ఉంది. మీ అప్‌గ్రేడ్ దీన్నేమీ మార్చలేదు.

కరెంటు అందిన డిస్కు మేలుకుని డేటా తీగల మీదికి తనంతట తానే ఒక చిన్న సంకేతం పంపుతుంది. ఇది ఫైళ్లకూ డేటాకూ సంబంధించింది కాదు, కేవలం నేను వచ్చానన్న ఉనికి సంకేతం. అవతలి కొసన మదర్‌బోర్డు మీద సాటా కంట్రోలర్ ఉంటుంది. దాని ఒక్కో పోర్టులోనూ ఈ సంకేతాలను వినే ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. సంకేతం వినబడగానే కంట్రోలర్ ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ (చేస్తున్న పని కాస్త ఆపి ఇటు చూడమనే పిలుపు) పంపుతుంది. కెర్నల్ ఇటు తిరిగి ఆ లింకును రీసెట్ చేసి, నీ పేరేమిటి, నీ సైజెంత అని డిస్కును అడుగుతుంది. జవాబు రాగానే ఎస్‌డీసీ, ఎస్‌డీడీ లాంటి పేరొకటి పెట్టి మీకు చూపిస్తుంది. లైనక్స్‌లో సాటా డిస్కులకు ఈ పని నమ్మకంగా చేసే ఏర్పాటు 2006 లో 2.6.18 కెర్నల్‌తో వచ్చింది. అంతకుముందు మీలాంటి ఆఫీసుల్లో రీస్టార్ట్ చేయక తప్పేది కాదు.

ఇప్పుడు ఈ దారిలో అసలు తెగిన చోటు చూద్దాం. ఇంటి గుమ్మంలో కాలింగ్ బెల్ ఉంటుంది. చుట్టాలు వచ్చి నొక్కుతారు, లోపల మోగుతుంది. కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరో ఆ బెల్లుకు వెళ్లే లైను ఆపేశారనుకోండి. బెల్లు చెడిపోలేదు, చుట్టాలు నొక్కడం మానలేదు. అయినా లోపలివాళ్లకు ఏమీ వినబడదు. ఎవరైనా వచ్చారేమోనని మీరే తలుపు తీసి చూస్తే గుమ్మంలో నిలబడి కనిపిస్తారు. రీస్టార్ట్‌లో జరుగుతున్నది అదే, కెర్నల్ తనే తలుపు తీసి చూస్తోంది.

ఆ వినే సర్క్యూట్‌కు కరెంటు ఆపడం నిజంగా జరిగే పనే. పోర్టులోని ఆ సర్క్యూట్ ఖాళీగా ఉన్నప్పుడూ కొంత కరెంటు తింటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఆ కొంతా లెక్కలోకి వస్తుంది. అందుకని డిస్కు పని లేకుండా ఉన్నప్పుడు లింకును నిద్రపుచ్చే పద్ధతి ఒకటి తెచ్చారు. దాన్ని లింక్ పవర్ మేనేజ్‌మెంట్ అంటారు. పేరు చూస్తే నిద్రపుచ్చడం వరకే అనిపిస్తుంది. లైనక్స్ డ్రైవర్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. గట్టిగా కరెంటు ఆదా చేసే పాలసీ అమల్లో ఉండి, పోర్టులో డిస్కు లేకపోతే, ఆ పోర్టును నిద్రలో కూడా ఉంచదు, పూర్తిగా ఆపేస్తుంది. ఖాళీ పోర్టుకు కరెంటు దేనికని దాని లెక్క. ల్యాప్‌టాప్‌కు ఆ లెక్క సరిపోతుంది, దాని మూత విప్పి నడిమధ్యలో డిస్కు పెట్టేవాళ్లు ఉండరు. మీ సర్వర్‌లో మాత్రం ఖాళీ అరకు అర్థం వేరు, అది రాబోయే డిస్కు కోసం ఎదురుచూస్తున్న చోటు.

మరి నిన్నటిదాకా లేనిది ఇప్పుడెందుకు వచ్చింది? 2018 లో వచ్చిన 4.16 కెర్నల్‌లో ఈ పాలసీని డిఫాల్ట్‌గా ఎంచుకునే వీలు చేర్చారు. అదే ఏడు ఫెడోరా 28 దాన్ని వాడుకలో పెట్టింది. అయితే అప్పట్లో అది ల్యాప్‌టాప్‌ల కోసం తయారైనవని గుర్తించిన కొన్ని చిప్‌సెట్‌లకే పరిమితం. 2024 లో 6.9 కెర్నల్‌తో ఆ పరిమితి తీసేశారు. ఏహెచ్‌సీఐ అనే రకం సాటా కంట్రోలర్ ఉన్న డెస్క్‌టాపులు, సర్వర్లు కూడా అందులోకి వచ్చాయి. పాత వెర్షన్ల నుంచి ఒక్కసారిగా దూకి అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఈ మార్పు ఒక్క రోజులో ఎదురవుతుంది, ఏ సెట్టింగూ తాము ముట్టుకోకపోయినా.

ఆ మార్పు చేసినవాళ్లు డిస్కులు మార్చుకునేవాళ్లను మరిచిపోలేదని కూడా చెప్పాలి. బయటికి తెరుచుకునే పోర్టుల మీదా, నడుస్తుండగా డిస్కు మార్చదగిన పోర్టుల మీదా ఈ పాలసీ పెట్టకూడదని అదే సమయంలో నియమం చేర్చారు. చిక్కు ఎక్కడంటే, ఏ పోర్టు అలాంటిదో కెర్నల్‌కు సొంతంగా తెలియదు. మదర్‌బోర్డులోని బయోస్ చెబితేనే తెలుస్తుంది. కంట్రోలర్‌లో ఒక్కో పోర్టుకూ దీనికోసం ఒక చిన్న గుర్తు ఉంటుంది, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు బయోస్ దాన్ని పెట్టాలి. చాలా బోర్డుల బయోస్ సెటప్‌లో సాటా పోర్టుల పక్కన హాట్ ప్లగ్ అనే వరుస కనిపిస్తుంది కదా, అదే. ఎన్నో బోర్డుల్లో అది డిజేబుల్డ్ అనే ఉండిపోతుంది. పాత కెర్నల్ ఆ గుర్తును పట్టించుకునేది కాదు, పోర్టులన్నిటినీ వింటూ ఉండేది, కాబట్టి ఆ వరుస తప్పుగా ఉన్నా మీ పని జరిగిపోయింది. కొత్త కెర్నల్ బయోస్ మాట నమ్మింది. నా దృష్టిలో తప్పు కెర్నల్‌ది కాదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడని ఒక అబద్ధపు సెట్టింగు ఇప్పుడు బయటపడింది. అయినా దాని భారం మోస్తున్నది మీరు, కాబట్టి మీ చికాకు న్యాయమైనదే.

ఇది ఊహగా ఉండకూడదు, మీ మెషీన్‌లో రుజువు చూసుకోవాలి. ముందు పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లను అట్టేపెడుతుంది, ఉబుంటు, డెబియన్‌లలో కూడా కిందటిది ఉంటుంది. మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో దాన్ని ఎంచుకోవచ్చు. పాత దాంట్లో డిస్కు కనబడి కొత్త దాంట్లో కనబడకపోతే, కేబుల్ మీదా డిస్కు మీదా అనుమానం తీరిపోతుంది. ఈ పరీక్షను వదిలేసి కొత్త కేబుళ్లు కొనేవాళ్లు చాలామంది.

తర్వాత కొత్త కెర్నల్‌లోకి వచ్చి డీమెసేజ్ కమాండును డబ్ల్యూ ఆప్షన్‌తో నడపండి. కెర్నల్ రాసుకునే డైరీ వచ్చింది వచ్చినట్టు తెర మీద కనిపిస్తుంది. ఇప్పుడు డిస్కు అరలోకి తోయండి. దారి బాగున్న మెషీన్‌లో కొన్ని సెకన్లలో నాలుగైదు వాక్యాలు పడతాయి. వాటిలో ఎక్సెప్షన్ అనీ, హార్డ్ రీసెట్టింగ్ లింక్ అనీ ఉంటుంది. చూసి భయపడకండి. డిస్కు రావడాన్నీ పోవడాన్నీ లైనక్స్ తన తప్పులు సరిదిద్దే విభాగంతోనే చూసుకుంటుంది, అందుకని మంచి వార్త కూడా ఆ భాషలోనే వస్తుంది. మీ మెషీన్‌లో ఒక్క అక్షరం కూడా పడకపోతే కబురు కంట్రోలర్ దగ్గరే ఆగిపోయిందని అర్థం. వాక్యాలు పడుతూ చివరికి ఫెయిల్ అవుతుంటే అది వేరే జబ్బు, డిస్కునో కనెక్టర్‌నో చూడాలి.

అదే డైరీలో పైకి వెళ్లి, బూట్ సమయంలో ఒక్కో పోర్టు గురించి రాసుకున్న వరుసలు చూడండి. ఏటీఏ1, ఏటీఏ2 అని మొదలవుతాయి. కొత్త కెర్నళ్లలో ఆ వరుస చివర ఎల్‌పీఎం-పోల్ అనే మాట, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. 0 అంటే బయోస్ పెట్టినట్టే వదిలేశానని, 1 అంటే కరెంటు ఆదా ఏమీ వద్దని. 3 ఉంటే నేను పైన చెప్పిన పాలసీ అమల్లో ఉన్నట్టే. పోర్టును మార్చదగినదిగా గుర్తించి ఉంటే అంకె పక్కన ఈ-ఎక్స్-టీ అని మూడక్షరాలు కూడా ఉంటాయి. మీ అరల వరుసల్లో 3 ఉండి ఆ మూడక్షరాలు లేకపోతే కారణం దొరికినట్టే.

ఇక చేయాల్సింది. డిస్కు ఇప్పటికే అరలో ఉండి, మెషీన్ ఆపే వీలు లేనప్పుడు, కెర్నల్ చేత తలుపు తీయించవచ్చు. సిస్ డైరెక్టరీలో క్లాస్, దాని లోపల స్కజీ_హోస్ట్ అనే ఫోల్డరు ఉంటాయి. అందులో హోస్ట్0, హోస్ట్1 అని పోర్టుకొకటి. సాటా డిస్కులకు స్కజీ పేరేమిటని మీకు అనిపించవచ్చు. లైనక్స్ సాటా డిస్కులను తన స్కజీ విభాగం ద్వారానే పైకి చూపిస్తుంది, అంతే. ప్రతి హోస్ట్‌లోనూ లింక్_పవర్_మేనేజ్‌మెంట్_పాలసీ అనే ఫైలు ఉంటుంది. రూట్ యూజర్‌గా అందులో మ్యాక్స్_పర్ఫార్మెన్స్ అని రాయండి. తర్వాత పక్కనే ఉన్న స్కాన్ అనే ఫైలులో మధ్య మధ్య ఖాళీ వదిలి మూడు అడ్డగీతలు రాయండి. ఏ చానెల్ అయినా, ఏ టార్గెట్ అయినా, ఏ లన్ అయినా సరే, అన్నీ వెతకమని వాటి అర్థం. కెర్నల్ ఆ పోర్టును రీసెట్ చేసి చూస్తుంది, డిస్కు బయటపడుతుంది. ఏ హోస్ట్ ఏ అరదో తెలియకపోతే తొందరపడకండి. సాధారణంగా ఏటీఏ3 అంటే హోస్ట్2, ఒకటి ఒకటి నుంచీ రెండోది సున్నా నుంచీ లెక్క మొదలవడం వల్ల. యూఎస్‌బీ డిస్కుల్లాంటివి మధ్యలో చేరితే ఈ లెక్క తప్పవచ్చు. ఆ హోస్ట్ ఫోల్డరు అసలు ఏ దారికి లింకు అయి ఉందో చూస్తే అందులో ఏటీఏ నంబరు కనిపిస్తుంది.

డిస్కు దొరికినప్పుడు డైరీలో సాటా లింక్ అప్, 6.0 జీబీపీఎస్ అని, పక్కన ఎస్‌స్టేటస్ 133 అని పడుతుంది. ఆ మూడంకెలను కుడి నుంచి చదవండి. చివరి 3 అంటే డిస్కు ఉంది, మాట కలిసింది. మధ్య 3 అంటే మూడో తరం వేగం. మొదటి 1 అంటే లింకు మెలకువగా ఉంది. 6 జీబీపీఎస్ డిస్కు పెట్టినా 113 అని వస్తే అది తొలి తరం వేగానికి, అంటే 1.5 కి, దిగిపోయింది. పిన్నుల మీద దుమ్ము, వదులు, పాడైన కేబుల్ లాంటివి చూడాలి.

శాశ్వతంగా బాగు చేయాలంటే నేను మొదట వెళ్లేది బయోస్‌లోకి. ఆ నాలుగు అరల పోర్టులకు హాట్ ప్లగ్ ఎనేబుల్డ్ పెట్టండి. అప్పుడు కెర్నల్‌కు సరైన సమాచారం అందుతుంది, మిగిలిన పోర్టుల్లో కరెంటు ఆదా కూడా ఆగదు. కంట్రోలర్ ఐడీఈ మోడ్‌లో కాకుండా ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి, కానీ సిస్టమ్ డిస్కు ఉన్న మెషీన్‌లో ఆ మోడ్‌ను ఆలోచించకుండా మార్చకండి. బయోస్‌లో ఆ వరుసే లేకపోతే గ్రబ్ సెట్టింగులో కెర్నల్‌కు ఒక మాట చేర్చాలి. ఏహెచ్‌సీఐ అని రాసి, చుక్క పెట్టి, మొబైల్_ఎల్‌పీఎం_పాలసీ అని రాసి, దానికి సమానం 1 అని ఇవ్వాలి. 4.16, 6.9 ల మధ్య కెర్నళ్లలో బయోస్ గుర్తును చూసే నియమం లేదు కాబట్టి వాటికి ఇదే దారి. ఇవన్నీ చేసినా పాలసీ మళ్లీ మారిపోతుంటే, టీఎల్‌పీ లాంటి కరెంటు ఆదా ప్రోగ్రామ్ ఎవరైనా ఇన్‌స్టాల్ చేశారేమో చూడండి.

డిస్కు కనిపించకపోవడానికి ఇంకొన్ని కారణాలూ ఉన్నాయి. అరలు మదర్‌బోర్డుకు కాక విడి రెయిడ్ (కొన్ని డిస్కులను జట్టుగా నడిపే పద్ధతి) కార్డుకు కలిపి ఉండి, దాని డ్రైవర్ కార్డు కంపెనీ ఇచ్చినదైతే, కొత్త కెర్నల్ కోసం ఆ డ్రైవర్‌ను మళ్లీ తయారు చేయాలి. అది జరగకపోతే రీస్టార్ట్ చేసినా డిస్కులు కనబడవు, అందుకని మీది ఆ కేసు కాదు. ఎన్‌వీఎంఈ డిస్కుల దారి పూర్తిగా వేరు. అవి పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద వస్తాయి, అక్కడ కబురు మోసేది పీసీఐఈహెచ్‌పీ అనే డ్రైవర్. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు 2012 లో 9.0 వచ్చినప్పుడు మరో రకం ఇబ్బంది ఎదురైంది. డిస్కుల విభాగమే మారి ఏడీ4 లాంటి పేర్లు ఏడీఏ0 లాంటివి అయ్యాయి, డిస్కు తీసి పెట్టడానికి వాడే ఏటీఏకంట్రోల్ బదులు క్యామ్‌కంట్రోల్ నేర్చుకోవాల్సి వచ్చింది. ఏటీఏకంట్రోల్‌తో రాసుకున్న స్క్రిప్టులు అక్కడ పనిచేయడం మానేశాయి.

డిస్కు పెట్టడం కంటే తీయడం దగ్గర జరిగే నష్టం పెద్దది, కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. డిస్కు తనలోని చిన్న మెమరీలో కొంత డేటాను పట్టుకుని, రాసేశానని ముందే చెప్పేస్తుంది. ఆ క్షణంలో లాగితే అది పోతుంది. రెయిడ్‌లో ఉంటే ఎండీఆడ్మ్‌తో ముందు దాన్ని జట్టు నుంచి తప్పించండి. విడిగా ఉంటే అన్‌మౌంట్ చేయండి. తర్వాత సిస్ డైరెక్టరీలో ఆ డిస్కు ఫోల్డరు కింద డివైస్ లోపల ఉన్న డిలీట్ ఫైలులో 1 రాయండి. పేరు చూసి కంగారు వద్దు, డేటా చెరిగిపోదు. మిగిలిన డేటా రాసేయమని డిస్కుకు చెప్పి, కెర్నల్ తన జాబితాలో నుంచి దాని పేరు తీసేస్తుంది. లోపలి పళ్లాలు ఆగేదాకా కొద్ది సెకన్లు ఆగి అప్పుడు లాగండి. ఇలా చేయకుండా లాగితే ఏదో ఒక ప్రోగ్రామ్ పాత పేరును పట్టుకునే ఉంటుంది. అదే డిస్కు మళ్లీ పెట్టినా ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీఈ అవుతుంది, ఎస్‌డీబీ కోసం చూస్తున్న మీ బ్యాకప్ స్క్రిప్టుకు డిస్కు లేనట్టే కనిపిస్తుంది. స్క్రిప్టుల్లో ఈ పేర్ల బదులు యూయూఐడీ (అర మారినా మారని గుర్తింపు) వాడండి.

రీస్టార్ట్ చేస్తే సరిపోతోంది కదా అని ఊరుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. డిస్కు మార్చే అవసరం ఎక్కువగా వచ్చేది రెయిడ్‌లో ఒక డిస్కు చనిపోయినప్పుడు. మిగిలినవి అదే వయసువి, ఏళ్లుగా ఆగకుండా తిరుగుతున్నవి. ఆపి మళ్లీ తిప్పినప్పుడు వాటిలో ఒకటి లేవకపోతే డేటాయే పోతుంది. మెషీన్ ఆపకుండా మార్చగలిగే అరలు ఆ గండాన్ని తప్పిస్తాయి.

పైవన్నీ చూసినా, హాట్ ప్లగ్ పెట్టినా, పాలసీ అంకె 1 అయినా డైరీ మౌనంగానే ఉంటే, అప్పుడది నిజంగా కెర్నల్ లోపం కావచ్చు. దాన్ని పట్టుకోవడానికి గిట్ బైసెక్ట్ అనే పద్ధతి ఉంది. రెండు వరుస కెర్నల్ విడుదలల మధ్య పది వేలకు పైగా మార్పులు ఉంటాయి. సరిగ్గా మధ్యలోని మార్పు దగ్గర కెర్నల్ తయారు చేసి డిస్కు పెట్టి చూస్తారు. కనిపిస్తే తప్పు తర్వాతి సగంలో ఉంది, లేకపోతే మొదటి సగంలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే పద్నాలుగు పరీక్షల్లో పదహారు వేల మార్పుల్లో ఒకదాన్ని వేలెత్తి చూపవచ్చు. ఈ పని ఆఫీసు సర్వర్ మీద చేయకండి, అదే బోర్డు ఉన్న మరో మెషీన్ మీద చేయండి. నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయకపోవడాన్ని లైనక్స్ కెర్నల్ మనుషులు రిగ్రెషన్ అంటారు, దాన్ని చాలా పట్టింపుగా తీసుకుంటారు. మీ డిస్ట్రిబ్యూషన్ బగ్ విభాగానికి రాసేటప్పుడు పనిచేసిన చివరి కెర్నల్ వెర్షన్, పనిచేయని మొదటి వెర్షన్, బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, డిస్కు తోసిన నిమిషంలో డీమెసేజ్‌లో పడినదంతా పంపండి. ఏమీ పడకపోతే ఏమీ పడలేదనే రాయండి, వాళ్లకు అది కూడా సమాచారమే.